ఎడమ చెంప

ఆ వీధిలో ఆ ఫోటోగ్రాఫర్‌ని అందరూ గడ్డమాయన అంటారు. ఆయన ముఖం మీద భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. పొద్దున్నే నున్నగా గీసుకుంటే గాని స్టూడియో షట్టరు ఎత్తడు. కానీ కెమెరా ముందు కూర్చున్నవాళ్ళతో రోజంతా "గడ్డం కాస్త దించండి, గడ్డం కాస్త ఎత్తండి" అంటూ ఉంటాడు. అలా వచ్చిన పేరది. పెళ్ళిళ్ళకి పిలిచినా వెళ్ళడు. ఆయన పనల్లా పాస్‌పోర్టు ఫోటోలు, వీసా ఫోటోలు. ఒక తెల్లగోడ, రెండు పక్కలా రెండు లైట్లు, ఒక గుండ్రటి స్టూలు. ఏ దేశానికి ఏ సైజు కావాలో, ఎవరు చెవులు కనపడాలంటారో, ఎవరు కళ్ళజోడు వద్దంటారో ఆయనకి నోటికి వచ్చు. ఆయన తీసిన ఫోటో వెనక్కి రాదని పేరు.

టైలరమ్మ ఆయన దగ్గరికి వచ్చింది ఒక వాన వెలిసిన మధ్యాహ్నం. వెంట భర్త ఉన్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆ రోజుకి సెలవు పెట్టాడు. ఇద్దరూ గొడుగు మడిచి గుమ్మం పక్కన నిలబెట్టి లోపలికి వచ్చారు. ఆమె ఎడమ చెంపకి అరచెయ్యి ఆనించుకుని ఉంది, పంటినొప్పితో బాధపడే మనిషిలా. గడ్డమాయన కూడా మొదట అదే అనుకున్నాడు.

పంటినొప్పి కాదు. మూడేళ్ళ కిందట ఆమెకి ఎడమ చెవి ముందు చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. స్కూళ్ళు తెరిచే సీజను, యూనిఫారాల పని నెత్తి మీద ఉంది. సీజను అయ్యాక డాక్టరుకి చూపించుకుంటే, ఇంకా ముందే రావాల్సింది అన్నాడాయన. ఆపరేషన్లో గడ్డతో పాటు దాన్ని అల్లుకుపోయిన నరాన్ని కూడా తీసెయ్యాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. ముఖంలో ఎడమ సగం మాత్రం కుట్టు ఊడిన అంచులా కిందికి జారిపోయింది. ఆ పక్క కన్ను పూర్తిగా మూతపడదు, ఊరికే నీరు కారుతుంది. నోరు కుడివైపుకి లాగేసింది. ప, బ, మ అనే అక్షరాలు పలకాలంటే పెదవి కొసని వేలితో పట్టుకోవాలి. అలా పట్టుకోగా పట్టుకోగా ఆ చెయ్యి చెంప మీదే ఉండిపోవడం అలవాటైంది.

కొలతలు ఇవ్వడానికి వచ్చే పిల్లల తల్లులు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. జుట్టుని ఎడమవైపుకి దువ్వి చెవి మీదుగా వదిలేది. ఎవరితో మాట్లాడినా కుడిపక్క చూపిస్తూ నిలబడేది. మిషను కూడా అటు తిప్పి వేయించుకుంది, వీధిలోంచి వచ్చేవాళ్ళకి ముందు కుడి చెంపే కనపడేలా.

ఆమెకి ఒక అక్క ఉంది. తల్లి పోయినప్పుడు టైలరమ్మ ఇంకా పాలు మరవని పిల్ల. అక్కే ఎత్తుకుంది, అక్కే అన్నం తినిపించింది, అక్కే జడలు వేసింది. పెళ్ళయ్యాక బావతో పాటు దూరదేశం వెళ్ళిపోయింది. ఆపరేషన్ జరిగిందని అక్కకి తెలుసు, గడ్డ తీసేశారనీ తెలుసు. ముఖం సంగతి తెలియదు. ఫోన్లో చూసుకుందామంటే కెమెరా పాడైందని చెప్పేది టైలరమ్మ. రెండేళ్ళుగా అదే మాట. కొత్త ఫోను కొని పంపిస్తానంది అక్క. వద్దు, ఇది బాగానే పనిచేస్తోంది అంది ఈమె. పాడైందన్నావు కదే అంటే మాట మార్చేసింది.

ఇలా ఉండగా అక్కకి కళ్ళ జబ్బు పట్టుకుంది. ఒక కన్ను అప్పటికే పోయినట్టే లెక్క. "చుట్టూ కనపడుతుంది, నడిమధ్యన మాత్రం పొగ" అని చెప్పింది ఫోన్లో. "మనిషిని చూస్తే చెవులు కనపడతాయి, జుట్టు కనపడుతుంది. ముఖం ఉండాల్సిన చోట పొగ. రెండో కంటికి కూడా మొదలైందన్నారు. వచ్చి ఒకసారి కనపడిపో చిట్టీ. ఇంకొన్నాళ్ళు పోతే నువ్వొచ్చినా నాకు నీ చెవులే కనపడతాయి."

నవ్వుతూనే అంది. టైలరమ్మకి ఆ రోజు పని సాగలేదు. సాయంత్రం భర్తతో, "వీసాకి ఏమేం కావాలో కనుక్కోండి" అంది. పాస్‌పోర్టు ఉంది. జబ్బు చెయ్యకముందు అక్క దగ్గరికి వెళ్దామనే తీయించుకున్నారు, అప్పట్లో ప్రయాణం కుదరలేదు. వీసాకి కొత్త ఫోటో కావాలన్నారు.

గడ్డమాయన ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి లైట్లు వేశాడు.

"జుట్టు చెవి వెనక్కి పెట్టుకోండమ్మా."

ఆమె కుడిపక్క జుట్టు వెనక్కి పెట్టుకుంది.

"రెండోవైపు కూడా. చెవులు రెండూ కనపడాలి, లేకపోతే తీసుకోరు."

ఆమె భర్తకేసి చూసింది. ఆయన కింద చూస్తున్నాడు. ఆమె మెల్లిగా ఎడమపక్క జుట్టు చెవి వెనక దోపుకుంది. చెవి ముందునుంచి మెడ దాకా దిగిన కోత గీత బయటపడింది.

"పక్కకి తిరగకండి. సూటిగా నన్నే చూడాలి. గడ్డం కాస్త దించండి. ఆ, అంతే." అని ఆగాడు. "చెయ్యి తీసెయ్యాలమ్మా."

గడ్డమాయన తొందరపెట్టలేదు. అప్పటికి ఆయనకి సంగతి అర్థమైంది. కెమెరా వెనకనుంచి ఇవతలికి వచ్చి, లైటు సరిచేస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది, మళ్ళీ పైకి లేస్తుందేమోనన్నట్టు.

"తియ్యండి" అంది.

ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. ఏడుపు కాదు, ఆ కన్ను అంతే. గడ్డమాయన మెత్తని కాగితం అందించాడు. తుడుచుకుంది. మళ్ళీ సూటిగా చూసింది. ఆయన తీశాడు. ఇంకోటి తీశాడు.

"అయిపోయిందమ్మా. చాలా బాగా కూర్చున్నారు."

ఆమె జుట్టు ముందుకి వేసుకుని, చెయ్యి చెంపకి చేర్చుకుని బయటికి వెళ్ళి గుమ్మం మెట్ల మీద నిలబడింది. ఒళ్ళంతా చెమట పట్టింది. కాని లోపల ఎక్కడో ఒక బరువు దిగింది. అక్క కోసం ఒకసారి చెయ్యి తీశాను, ఇంకోసారి తీయగలను అనుకుంది.

భర్త లోపలే ఉండిపోయాడు. గడ్డమాయన ఫోటోని కంప్యూటర్లో తెరిచాక దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పక్క కాస్త సరిచెయ్యగలరా?"

"కూడదండీ. మచ్చ చెరపడానికే వీల్లేదు. మనిషి ఎలా ఉంటే ఫోటో అలాగే ఉండాలి."

"పాస్‌పోర్టులో పాత ముఖం ఉంది. ఇప్పుడిది చూపిస్తే ఆవిడా ఈవిడా ఒకటేనా అని వెయ్యి ప్రశ్నలు అడుగుతారు. పదిమంది ముందు నిలబెట్టి అడుగుతారు. అంతమందిలో ఆమె నోరు విప్పి ఏం చెప్పుకుంటుంది చెప్పండి."

గడ్డమాయన తలుపు అద్దంలోంచి బయటికి చూశాడు. ఆమె వీధి వైపు కుడి చెంప పెట్టి నిలబడి ఉంది. ఆయనకి జాలి వేసింది. జాలితో పాటు, చెయ్యగలను కదా అన్న చిన్న గర్వం కూడా కలిగి ఉంటుంది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

కుడి చెంపని కత్తిరించి, అద్దంలో బొమ్మలా తిప్పి, ఎడమవైపు అతికించాడు. కుడి కన్నూ, కుడి కనుబొమ్మా కూడా అలాగే. నోటిని మధ్యకి తెచ్చి తిన్నగా చేశాడు. కోత గీత చెరిపేశాడు. అతుకు కనపడకుండా చర్మం రంగు కలిపాడు. పని పూర్తయ్యేసరికి తెర మీద చక్కటి ఆడమనిషి ఒకామె, చక్కటి రెండు కళ్ళతో వాళ్ళిద్దరినీ చూస్తోంది.

డ్రైవరు చాలాసేపు చూశాడు. "ఇదే" అన్నాడు చివరికి. "మా ఆవిడ ఇలాగే ఉండేది."

ఫోటోలు కవర్లో పెట్టించుకుని, అంటించే పని నాది అని జేబులో వేసుకున్నాడు. ఆమె చూపించమని అడగలేదు. ఆ ముఖాన్ని కాగితం మీద చూసే ఓపిక ఆ రోజుకి లేదనుకుంది.

వీసా ఆఫీసులో గాజు పలకల వెనక వరసగా కౌంటర్లు. వీళ్ళ నంబరు పిలిచినప్పుడు మూడోదానిలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. జుట్టు బిగించి ముడేసుకుని, పొద్దుటినుంచీ ఒకే మాటలు చెప్పి అలిసిపోయిన గొంతుతో, "చెయ్యి తీసి కెమెరాలోకి చూడండి" అంది. టైలరమ్మ ఈసారి ఎక్కువ తటపటాయించలేదు. జుట్టు కూడా చెప్పకుండానే వెనక్కి పెట్టుకుంది. అమ్మాయి ఆమెని చూసింది, కాగితం మీది ఫోటోని చూసింది, ఏదో నొక్కింది. మళ్ళీ నొక్కింది. రెండు ముఖాలూ ఒకటేనని కంప్యూటరు ఒప్పుకోలేదు.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనే."

"ఈ ఫోటో?" అని కాగితాన్ని గాజు కిందినుంచి ఇవతలికి జరిపింది.

టైలరమ్మ వంగి చూసింది. చాలాకాలం కిందట పోయిన మనిషిని వీధిలో చూసినట్టయింది ఆమెకి. తర్వాత భర్త వైపు తిరిగింది. ఆయన పెదవులు తడుపుకుంటున్నాడు.

"దిద్దిన ఫోటో తీసుకోకూడదండీ" అంది అమ్మాయి. గొంతు తగ్గించింది, వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడకుండా. "మోసం కింద రాయమంటారు. నేను రాయడం లేదు, అసంపూర్తి అని తిరిగి ఇస్తున్నాను. మామూలు ఫోటో తెచ్చుకోండి. ముఖానికి ఆపరేషన్ జరిగిందని డాక్టరు చేత ఒక ముక్క రాయించుకు రండి. పాస్‌పోర్టు ఫోటోతో తేడా ఉన్నా ఇబ్బంది లేదు. మీలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు."

ఇంటికి వెళ్ళే బస్సు నడిపేది భర్త స్నేహితుడే. "ఏమన్నా, పనయిందా?" అని అద్దంలోంచి పలకరించాడు. "అవుతుంది" అన్నాడాయన. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన రెండుసార్లు ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

ఇంట్లోకి రాగానే ఆమె తలుపు మూసి, నిలబడే మాట్లాడింది.

"నేను చెయ్యి తీశాను. అంత కష్టపడి తీశాను. మీరిద్దరూ కలిసి మళ్ళీ కప్పారు."

"నీకోసమే చేశాను."

"నాకోసమైతే నన్ను అడిగేవారు."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. రోజూ వందల మందిని ఎక్కించుకుని దించే మనిషి, ట్రాఫిక్‌లో ఎవరేమన్నా చిరునవ్వుతో సర్దుకుపోయే మనిషి, అరచేతులు మోకాళ్ళకి రుద్దుకుంటూ మాటల కోసం వెతుక్కున్నాడు.

"నీ పాత ముఖం నాకు గుర్తు రావడం మానేస్తోంది" అన్నాడు. "కళ్ళు మూసుకుంటే ఇదివరకు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఆ ఫోటో చూస్తే మళ్ళీ వచ్చింది. దాన్ని వదులుకోలేకపోయాను."

ఆమెకి కోపం పోలేదు గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "మీ దగ్గర పెట్టుకోండి" అంది చివరికి. "చూసుకోండి. కాని ఇది నా భార్య అని ఎవరికీ ఇవ్వకండి."

ఆ తర్వాత ఆమె వీసా మాట ఎత్తలేదు. ఆయన అడిగితే, స్కూళ్ళు తెరుస్తున్నారు, పని ఉంది అంది. అబద్ధం కాదు. ముందుగది నిండా నీలం గుడ్డ తానులు, కత్తిరించిన చొక్కా చేతులు, కాజాలు తీయాల్సిన పట్టీలు. మిషను పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఆగేది కాదు. కాని చేతులు కుడుతుంటే మనసు వేరే పని చేస్తుంది. ఆ కౌంటరు దగ్గర తన పాత ముఖాన్ని చూసినప్పటి దెబ్బకి లోపలినుంచి ఒక ఆలోచన లేచింది. అక్క రెండో కన్ను కూడా పోతుందన్నారు కదా. ఇంకొన్నాళ్ళు ఆగితే సరి. అప్పుడు వెళ్ళొచ్చు. అక్క చేతులు పట్టుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు, వంట చేసి పెట్టొచ్చు. అక్కకి ఈ ముఖం కనపడదు. అక్క దగ్గర తను ఎప్పటికీ చిట్టిగానే ఉండిపోతుంది.

ఈ ఆలోచన వచ్చిన ప్రతిసారీ తనమీద తనకే అసహ్యం వేసేది. మిషను ఇంకా వేగంగా తొక్కేది. అయినా అది పోయేది కాదు. దాన్ని తలుచుకుంటే హాయిగా కూడా ఉండేది, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

అక్క మాత్రం ఊరుకోలేదు. ఈమె ఫోనెత్తకపోతే మరిదికి చేసేది. ఎప్పుడొస్తున్నారు, వీసా ఏమైంది, ఫోటో తీయించుకుంది అన్నారు కదా, అదైనా పంపండి, చూసుకుంటాను. ఆయన ఎన్నిసార్లు దాటవేస్తాడు. ఒక మధ్యాహ్నం డిపోలో భోజనం చేస్తుండగా మళ్ళీ ఫోన్ వచ్చింది. అక్క గొంతు ఎప్పటిలా లేదు. రెండో కంట్లో కూడా పొగ పెరిగిందంది. ఆయనకి ఇంకేమీ తోచలేదు. జేబులోని ఆ దిద్దిన ఫోటోని ఫోనుతో తీసి పంపేశాడు. భార్య చెప్పిన మాట గుర్తుండే పంపాడు. ఆమె ఎలాగూ వెళ్ళదు, పోనీ ఆవిడకి చెల్లెలి పాత ముఖమైనా దక్కుతుంది అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న టైలరమ్మ కాజాలు తీస్తుంటే ఫోను మోగింది. ఆమె దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"ఫోటో వచ్చింది" అంది అక్క.

"ఏ ఫోటో?"

"మీ ఆయన పంపాడు కదా, వీసాది. బావ చేత టీవీలో పెద్దది చేసి పెట్టించుకున్నాను."

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. "బాగుందా?" అంది. ఆ గొంతు తనది కానట్టు వినపడింది.

"బాగుంది. ఎవరే అది?"

ఈమె ఫోనుని భుజం మీంచి చేతిలోకి తీసుకుంది.

"నీకు నడక వచ్చీరాని రోజుల్లో గడప తగిలి బోర్లాపడ్డావు. ఎడమ కనుబొమ్మ తెగింది. నాన్న ఇంట్లో లేడు. నా ఓణీ చింపి కట్టు కట్టి, డాక్టరు దాకా నిన్నెత్తుకుని పరిగెత్తాను. తగ్గిపోయింది గాని ఆ తెగినచోట మళ్ళీ వెంట్రుక మొలవలేదు. నీకు జడ వేసినన్నాళ్ళూ ఆ గీత నా కళ్ళముందే ఉండేది. ఈ ఫోటోలో కనుబొమ్మ నిండుగా ఉంది. నా కన్నే అనుకున్నా ముందు. తల ఇటు తిప్పి, అటు తిప్పి, నిన్నటినుంచీ కంటి కొసతో చూస్తున్నా. ఆఖరికి బావని అడిగితే ఆయనా లేదన్నాడు. ఆ గీతకి ఏమైంది చిట్టీ?"

టైలరమ్మ వేలితో పెదవి కొస పట్టుకుంది, మాటలు సరిగా పలకాలని. గడ్డ తీసిన రోజునుంచి చెప్పింది. నరం సంగతి చెప్పింది, కన్ను మూతపడదని చెప్పింది. కెమెరా పాడవలేదని చెప్పింది. జుట్టు, చెయ్యి, తిప్పి వేయించిన మిషను, స్టూడియో, గాజు పలక, అన్నీ చెప్పింది. అవతలినుంచి ఊఁ అన్న శబ్దం కూడా లేదు. ఇక ఆగకూడదనిపించి మిగిలింది కూడా చెప్పేసింది.

"నీ రెండో కన్ను కూడా పోయాక వద్దామనుకున్నాను అక్కా."

అక్క ఇంట్లో ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఎప్పుడనుకున్నావు?" అంది అక్క.

"ఆఫీసునుంచి వచ్చిన దగ్గర్నుంచీ. రోజూ."

"నాకు కోపం రావాలా వద్దా?"

"రావాలి."

"వస్తోంది. ఫోన్లో తిట్టను. ఇక్కడికి వచ్చి తిట్టించుకో." గొంతు సరిచేసుకుంది. "నేను చివరగా ఏం చూస్తానో, ఆ తర్వాత చాలాకాలం దానితోనే సరిపెట్టుకోవాలే చిట్టీ. అందులో ఎవరిదో ముఖం పెట్టకు."

అంతే అంది. ఫోను పెట్టేశాక టైలరమ్మ మిషను మీదికి వంగి ఏడ్చింది. ఆపరేషన్ అయ్యాక అలా ఏడవడం అదే మొదలు. ఒక కన్నే ఏడ్చినట్టు కనపడుతుందేమో, రెండో కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదేమో అని ఆ ఏడుపులోనే ఒక ఆలోచన వచ్చి, నవ్వు కూడా వచ్చింది.

సాయంత్రం భర్త వచ్చాక పంపిన సంగతి అడిగింది. ఆయన దాచలేదు. "ఇవ్వద్దన్నావు, ఇచ్చాను" అని తల వంచుకున్నాడు. ఆమె ఆయన్ని ఏమీ అనలేదు. "రేపు స్టూడియోకి నేనొక్కదాన్నే వెళ్తాను" అంది. ఆయన వస్తాననలేదు.

గడ్డమాయన ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. ఫోటో వెనక్కి వచ్చిందని ఆయనకి అప్పటికే కబురు అందింది. "తప్పు నాదమ్మా" అన్నాడు. "మీ ఆయనది కాదు. కూడదని తెలిసి చేశాను. మీకు మేలు చేస్తున్నాననుకున్నాను."

"నన్ను ఒక్కమాట అడిగారా?"

"లేదు."

"ఆ రోజు నన్ను ఎంతసేపు కూర్చోబెట్టారు. చాలా బాగా కూర్చున్నానని కూడా అన్నారు."

సంజాయిషీ చెప్పడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చుని, అసలు ఫోటో ఉందని, మళ్ళీ తీయాల్సిన పని లేదని చెప్పాడు. తెరవమంటారా అని అడిగాడు. ఈసారి అడిగాడు.

"తెరవండి."

తెర మీద ఆమె ముఖం వచ్చింది. టైలరమ్మ వెనక నిలబడి చూసింది. కుడి కన్ను సూటిగా, కొంచెం భయంగా చూస్తోంది. ఎడమ కన్ను కింది రెప్ప జారి ఎర్రగా ఉంది. నోరు ఒక పక్కకి పోయింది. కోత గీత చెవినుంచి మెడలోకి దిగుతోంది. ఎడమ కంటి పైన, కనుబొమ్మ మధ్యలో, వెంట్రుకలు లేని సన్నటి చీలిక. రెండేళ్ళుగా ఆమె దాన్ని చూసుకోలేదు. అద్దంలో ఎడమవైపు చూడటమే మానేసింది కాబట్టి అది అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయింది. ముఖంలో ఎంత మారినా అది ఉన్నచోటనే ఉంది.

"ఆ దిద్దినదాన్ని చెరిపెయ్యండి" అంది.

ఆయన ఆమె చూస్తుండగానే చెరిపేశాడు. అసలు ఫోటో అచ్చు తీసి, ఆరనిచ్చి, అంచులు కత్తిరించి కవర్లో పెట్టాడు. డాక్టరు రాసిచ్చే కాగితంలో ఏ మాటలు ఉంటే మంచిదో విడిగా చెప్పాడు. ఆమె కవరు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "వస్తానండీ" అంది. క్షమించానని అనలేదు. గడ్డమాయన ఆ మాట కోసం ఎదురుచూడనూ లేదు.

రెండోసారి వీసా ఆఫీసుకి వెళ్ళినప్పుడు కౌంటర్లో ఆ అమ్మాయి లేదు. వేరే మనిషి ఫోటో చూశాడు, కాగితం చదివాడు, ముద్ర వేశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంత సులువుగా అయిపోయినందుకు భార్యాభర్తలిద్దరికీ కాస్త అవమానంగా కూడా అనిపించింది. యూనిఫారాలన్నీ ఇచ్చేశాక, మిషనుకి గుడ్డ కప్పి, ఆమె ఒక్కతే విమానం ఎక్కింది. ఎక్కే ముందు భర్త ఆమె చేతి సంచీ తీసుకుని మళ్ళీ ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాడు. "జాగ్రత్త. కంట్లో చుక్కలు వేసుకోవడం మర్చిపోకు" అన్నాడు. ఆమె కుడి చెంప కాకుండా నేరుగా ఆయనవైపు ముఖం పెట్టి, "అన్నం మాడ్చుకోకండి" అంది.

విమానాశ్రయంలో అక్కని ఈమె ముందు గుర్తుపట్టలేదు. జుట్టంతా నెరిసింది. బావ చెయ్యి పట్టుకుని, తల పూర్తిగా పక్కకి తిప్పి ఎటో చూస్తున్నట్టు నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళాక గాని అర్థం కాలేదు, అలా పక్కకి తిరిగి కంటి కొసతో వచ్చేవాళ్ళని వెతుకుతోందని. "అక్కా" అంది టైలరమ్మ. అక్క చప్పున చెయ్యి చాచి పట్టుకుంది. ఇక్కడ వెలుతురు బాగాలేదు, ఇంటికి వెళ్ళాక చూస్తాను అంది, ఏదో గుడ్డ రంగు చూసుకోవాల్సిన మనిషిలా.

ఇంట్లో ఎండ పడే కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోమంది. ఎదురుగా తనూ కూర్చుంది. తల కుడికి తిప్పి చూసింది, ఎడమకి తిప్పి చూసింది, ముందుకి వంగింది. ముఖాన్ని ముక్కలు ముక్కలుగా చూసుకోవాల్సి వచ్చింది ఆవిడకి. కన్ను ఒకసారి, నోరు ఒకసారి, చెవి కింద గీత ఒకసారి. టైలరమ్మ కదలకుండా కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. బావ గుమ్మంలో కాసేపు నిలబడి, మెల్లిగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. చివరికి అక్క బొటనవేలు కనుబొమ్మ మీద పెట్టి, అక్కడే ఉంచి, కళ్ళు మూసుకుంది. ఒళ్ళు ఒక్కసారి కదిలింది. ఏడుస్తోందో, గుర్తుపెట్టుకుంటోందో ఈమెకి తెలియలేదు.

కాసేపటికి, "ఎడమపక్క నమలగలవా?" అంది.

"లేదు. చెంపలో ఇరుక్కుంటుంది."

"అయితే కుడిపక్కే నములు. లే, భోజనం చేద్దాం. తిట్లు తర్వాత."

తిట్టింది కూడా, మూడు రోజులు, తెరిపి లేకుండా. దాచినందుకు, ముందే డాక్టరుకి చూపించుకోనందుకు, తన రెండో కన్ను కూడా పోయాక వద్దామనుకున్నందుకు. టైలరమ్మ అన్నీ పడింది. వీసా ఇచ్చిన గడువంతా అక్కడే ఉంది. అక్క ఇంటి తెరలన్నీ విప్పి కొత్తవి కుట్టింది, సూదిలో దారం ఎక్కించుకోలేని అక్క జాకెట్లకి హుక్కులు వేసింది. ఆ నెలల్లోనే అక్క రెండో కంట్లో పొగ కూడా దట్టమైపోయింది. ఒక పొద్దున్న పక్కమీదినుంచి లేచి, "ఇక నీవి కూడా చెవులే కనపడుతున్నాయి చిట్టీ" అంది. ఆ రోజంతా ఇద్దరూ ఇల్లు దాటలేదు.

మర్నాడు కూరగాయలకి వెళ్దామని అక్కే బయలుదేరదీసింది. ఈమె చెయ్యి పట్టుకుని నడిచింది. అంగడి నిండా జనం. తెలియని ముఖాలు తనవైపు తిరగడం, మళ్ళీ చప్పున పక్కకి తిరగడం టైలరమ్మ గమనిస్తూనే ఉంది.

"చూస్తున్నారే అక్కా" అంది.

"ఎవరు?"

"అందరూ."

"నాకేం కనపడటం లేదు" అంది అక్క. "నువ్వూ చూడకు. ఈ కాయ లేతదేనా, చెప్పు."

టైలరమ్మ కాయ గిల్లి చూసి, లేతదే అని సంచీలో వేసింది. తర్వాత అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ, "ముందు మెట్టుంది, కాలు ఎత్తి వెయ్యి" అని చెబుతూ నడిపించుకెళ్ళింది.